యంత్రం చెప్పిన అంకెను ఎప్పుడు నమ్మాలి?

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, అప్పులు, బీమా గురించి మాట్లాడుకునే చోట గ్యాస్ ఎనలైజర్ అనే యంత్రం గురించి పాఠం ఎందుకని కొందరు అడిగారు. సూటిగానే చెబుతాం. మన వరి పొలం నుంచి ఎంత మీథేన్ గాలిలోకి పోతోందో కొలిచే యంత్రాల్లో అది ముఖ్యమైనది. ఆ లెక్కను బట్టే వరి రైతు మీద నింద పడుతుంది. ఆ లెక్కను బట్టే కార్బన్ క్రెడిట్ల పేరుతో కంపెనీలు మన దగ్గరికి ఒప్పంద పత్రాలు పట్టుకొస్తున్నాయి. డబ్బు వస్తుందా రాదా అన్నది ఒక అంకె మీద ఆధారపడినప్పుడు, ఆ అంకె ఎలా పుడుతుందో, ఎక్కడ చెడిపోతుందో మనకు తెలిసి ఉండాలి.

ఒక అంకె ఎంత తేడా తెచ్చింది

పాత సంగతి ఒకటి గుర్తు చేస్తాం. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక అంచనా వేసింది. భారతదేశపు వరి పొలాల నుంచి ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వెలువడుతోందని ఆ అంచనా. మన పొలాల్లో కొలిచి చెప్పిన మాట కాదది. అమెరికా, యూరప్ పొలాల్లో తీసిన కొలతలను మన విస్తీర్ణంతో హెచ్చించి వేసిన లెక్క.

మన శాస్త్రవేత్తలు దీన్ని ఊరికే ఖండించి కూర్చోలేదు. 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యంలో, ఏ.పి. మిత్రా మార్గదర్శకత్వంలో, దేశంలోని వేర్వేరు ప్రాంతాల వరి పొలాల్లో పెట్టెలు అమర్చి వాయువును పట్టి కొలిచారు. వచ్చిన లెక్క ఏటా సుమారు 40 లక్షల టన్నులు. అంటే ముందు చెప్పినదానిలో దాదాపు తొమ్మిదో వంతు. మన నేలలు, మన నీటి పద్ధతులు వేరు. దేశంలో చాలా వరి పొలాల్లో సీజన్ పొడవునా నీళ్లు నిలవవు. ఆ తేడా ఎవరో వచ్చి కొలిస్తే గానీ బయటపడలేదు.

ఇందులో మనకు పాఠం ఒకటే. అంకెను అంకెతోనే ఎదుర్కోవాలి. అందుకు కొలిచే పద్ధతి తెలియాలి.

టవర్ మీద ఏముంటుంది

ఇప్పుడు పెట్టెలతో పాటు టవర్లు కూడా వచ్చాయి. కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ ఇలాంటి టవర్‌తో వరి పొలాల వాయువులను కొలిచింది. పొలం మధ్యలో కొన్ని మీటర్ల ఎత్తున కమ్మీ నిలబెడతారు. అడవుల్లో అయితే చెట్ల పైకి వచ్చేంత ఎత్తు కడతారు. దాని మీద ముఖ్యంగా రెండు పరికరాలు ఉంటాయి. ఒకటి గాలి పైకి, కిందికి, పక్కలకు ఎంత వేగంగా కదులుతోందో సెకనుకు పది, ఇరవై సార్లు కొలుస్తుంది. రెండోది గ్యాస్ ఎనలైజర్. అదే వేగంతో ఆ గాలిలో ఎంత వాయువు ఉందో కొలుస్తుంది.

పొలం మీద గాలి సుళ్లు తిరుగుతూ ఉంటుంది. పైకి పోయే గాలిలో మీథేన్ ఎక్కువగా, కిందికి వచ్చే గాలిలో తక్కువగా ఉంటే పొలం మీథేన్‌ను వదులుతున్నట్లు లెక్క. ఇలా అరగంటకు ఒక సగటు తీస్తారు.

ఎనలైజర్ పని తీరు కూడా అర్థం కానిది కాదు. ఒక వైపు నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి పంపుతారు. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఆ కాంతిలో కొంత మింగేస్తాయి. అవతలి వైపుకు చేరిన కాంతి ఎంత తగ్గిందో చూసి, మధ్యలో ఎంత వాయువు ఉందో చెబుతారు. మీథేన్‌కు లేజర్ కాంతి వాడతారు. కాంతి తగ్గడమే ఇక్కడ కొలత కాబట్టి, దారిలో దుమ్ము పడినా, మంచు బిందువు నిలిచినా, సాలెగూడు అల్లుకున్నా కొలత చెడుతుంది. జనసంచారం లేని చోట, రోజుల తరబడి ఎవరూ చూడని టవర్ మీద ఇవన్నీ జరిగేవే.

టవర్ ఎక్కకముందే చూడాల్సింది

అనుభవం ఉన్న సాంకేతిక నిపుణులు ముందుగా స్పానర్ పట్టుకోరు. కింద కూర్చుని గత వారం పది రోజుల రీడింగులను గీతగా గీసి చూస్తారు. గీత ఆకారమే సగం సంగతి చెబుతుంది.

గీత ఒక్కసారిగా చదునై, కదలకుండా ఒకే అంకె దగ్గర నిలిచిపోయిందంటే కరెంటు, కేబుల్, లేదా రీడింగులు భద్రపరిచే పెట్టె మీద అనుమానం. ఉన్నట్టుండి ముళ్లలా పైకి కిందికి లేస్తోందంటే వదులైన కనెక్టర్ కావచ్చు, వాన చినుకులు కావచ్చు, పురుగులు కావచ్చు. రోజూ తెల్లవారుజామున పాడై, పొద్దెక్కాక బాగవుతోందంటే అద్దం మీద మంచు పడుతోంది. వారాల పాటు నెమ్మదిగా ఒకే దిక్కుకు వాలిపోతోందంటే అద్దం మురికి పట్టింది, లేదా యంత్రం కొలబద్దే జరుగుతోంది.

రెండో పని, పక్క పరికరంతో పోల్చడం. టవర్ మీద వేరేగా ఒక మామూలు తేమ సెన్సర్ ఉంటుంది. ఎనలైజర్ చెప్పే నీటి ఆవిరి, ఆ సెన్సర్ చెప్పే తేమ ఒకదానికొకటి పొసగాలి. గాలి బాగా కలిసే మధ్యాహ్నపు వేళ కార్బన్ డయాక్సైడ్ రీడింగు మామూలు గాలిలో ఉండాల్సిన స్థాయికి దగ్గరగా రావాలి. పది లక్షల పాళ్లలో 420 పైచిలుకు ఉండాల్సిన చోట 300 అని, 600 అని చూపిస్తుంటే పొలాన్ని కాదు, యంత్రాన్ని అనుమానించాలి.

మొదట కరెంటు

మారుమూల టవర్లు ఎక్కువగా సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. నాలుగు రోజులు ముసురు పడితే బ్యాటరీ పడిపోతుంది. బోరు మోటారుకు లో వోల్టేజీ వస్తే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. ఈ యంత్రానికీ అంతే. అయితే మోటారు కాలిపోతే మనకు తెలుస్తుంది. ఎనలైజర్ మాత్రం తక్కువ వోల్టేజీలో తప్పు అంకెలు చెబుతూ నడవవచ్చు, లేదా ఆగి ఆగి మొదలవుతూ ఉండవచ్చు.

వోల్టేజీని బ్యాటరీ దగ్గర చూసి సరిపెట్టుకోకూడదు. యంత్రం నడుస్తుండగా, కేబుల్ అవతలి చివర, యంత్రం దగ్గర కొలవాలి. పొడవైన సన్నని తీగలో, తుప్పు పట్టిన టెర్మినల్‌లో వోల్టేజీ పోతుంది. ఎలుక కొరికిన కేబుల్, నీరు చేరిన కనెక్టర్, ఎండకు పగిలిన తీగ తొడుగు కూడా ఈ దశలోనే బయటపడతాయి. చాలా లోపాలు ఇక్కడే తేలిపోతాయి. ఖరీదైన సెన్సర్‌ను విప్పి కంపెనీకి పంపే ముందు ఈ పని చేయాలి.

తర్వాత అద్దం

బయటి గాలికి తెరిచి ఉండే రకం ఎనలైజర్ తన కాంతి ఎంత బలంగా అందుతోందో తానే ఒక అంకెగా చెబుతుంది. అద్దం శుభ్రంగా ఉన్నప్పుడు ఆ అంకె ఎంతో రాసి పెట్టుకోవాలి. తర్వాత అది పడిపోతే దుమ్ము, పక్షి రెట్ట, పుప్పొడి, సముద్ర తీరమైతే ఉప్పు పొర చేరినట్లు. మెత్తని గుడ్డతో, శుభ్రమైన నీటితో, గీతలు పడకుండా తుడవాలి. తుడవకముందు రీడింగు, తుడిచాక రీడింగు, తుడిచిన గంట, ఈ మూడూ రాయాలి. యంత్రం తలను కొంచెం వాల్చి బిగిస్తే వాన చినుకులు అద్దం మీద నిలవకుండా జారిపోతాయి. ఖర్చు లేని ఈ ఉపాయంతో వానాకాలంలో బోలెడు రీడింగులు దక్కుతాయి.

యంత్రం లోపల కాంతి దారిలో తేమ, కార్బన్ డయాక్సైడ్ చేరకుండా పీల్చుకునే రసాయనం ఉన్న చిన్న సీసాలు కొన్ని రకాల్లో ఉంటాయి. వాటిని ఏడాదికోసారి మార్చాలని తయారీదారులు చెబుతారు. మార్చకపోతే రీడింగు నెమ్మదిగా జారుతుంది. పైకి ఏ లోపమూ కనిపించదు.

గొట్టం, వడపోత, లీకు

మరో రకంలో గాలిని పంపుతో పీల్చి, గొట్టం ద్వారా లోపలి గదిలోకి తెచ్చి కొలుస్తారు. దీనికి వాన బాధ తక్కువ. గొట్టం బాధలు ఎక్కువ. వడపోత మూసుకుపోతే గాలి ప్రవాహం తగ్గుతుంది. పంపు అరిగితే అంతే. గొట్టం గోడలకు తేమ అంటుకుంటే నీటి ఆవిరి లెక్క ఆలస్యంగా, మొద్దుగా వస్తుంది.

లీకు కనిపెట్టడానికి తేలిక మార్గం ఉంది. మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం. మామూలు గాలిలో ఉన్నదానికి దాదాపు వంద రెట్లు. ఒక్కో అతుకు దగ్గర మెల్లగా ఊదుతూ పోవాలి. ఎక్కడ ఊదినప్పుడు రీడింగు ఎగిరిందో అక్కడ లీకు. మిగతా సమయంలో అదే ఊపిరి కొలతను పాడు చేస్తుంది కాబట్టి, మనుషులు టవర్ దగ్గర ఉన్న సమయాన్ని పుస్తకంలో రాసి ఆ రీడింగులు లెక్కలోంచి తీసేయాలి.

ఇంకా అనుమానం తీరకపోతే, బాగా పనిచేస్తున్న మరో సెన్సర్ తెచ్చి అదే కేబుల్‌కు తగిలించాలి. తప్పు పోతే పాత సెన్సర్‌దే లోపం. తప్పు అలాగే ఉంటే కేబుల్‌దో, రీడింగు పెట్టెదో. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మూడు కలిపి మారిస్తే యంత్రం బాగవుతుందేమో గానీ, ఎందుకు చెడిందో ఎప్పటికీ తెలియదు.

సున్నా, తెలిసిన తూకం

ఇక అసలు పరీక్ష. కాటా సరిగా ఉందో లేదో మనం ఎలా చూస్తాం? ఖాళీ పళ్లెంతో సున్నా చూపాలి. ముద్ర వేసిన తూకపు రాయి పెడితే దాని బరువే చూపాలి. గ్యాస్ ఎనలైజర్‌కూ ఇవే రెండు పరీక్షలు. కార్బన్ డయాక్సైడ్, తేమ లేని పొడి నైట్రోజన్ పంపితే సున్నా చూపాలి. ఎంత వాయువు ఉందో ముందే నిర్ధారించిన సిలిండర్ నుంచి పంపితే ఆ అంకె చూపాలి. ఆ సిలిండర్‌కు కూడా ఒక పై కొలబద్ద ఉంటుంది. తూకపు రాయికి ముద్ర ఉన్నట్లే దానికీ ధ్రువపత్రం ఉండాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాం. సర్దుబాటు చేయకముందు యంత్రం ఏం చూపించిందో రాయాలి. 400 ఉండాల్సిన చోట 412 చూపిందని రాసి, ఆ తర్వాతే సరిచేయాలి. ఆ 412 రాయకుండా నేరుగా సరిచేస్తే, గత మూడు నెలల రీడింగుల్లో ఎంత తప్పు ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. యంత్రం బాగుపడుతుంది, గతం పాడవుతుంది.

తప్పు యంత్రానిదా, ప్రకృతిదా?

వింతగా కనిపించిన ప్రతి రీడింగూ తప్పు కాదు. హవాయి దీవుల్లో మౌనా లోవా అనే అగ్నిపర్వతం మీద, 3,397 మీటర్ల ఎత్తున, చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో పరారుణ ఎనలైజర్‌తో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. మొదట 313 దగ్గర వచ్చింది. మే నెల దాకా పెరుగుతూ పోయింది. అంతలో కరెంటు పోయి కొలత ఆగింది. జులైలో మళ్లీ మొదలయ్యేసరికి రీడింగు మార్చి కంటే తక్కువ. చూసినవారికి యంత్రం చెడిందనే అనిపిస్తుంది. ఆయన ప్రామాణిక వాయువులతో పోల్చుకుంటూ కొలత సాగించాడు. మరుసటి ఏడాదీ అదే వరస వచ్చింది. ఉత్తరార్ధగోళంలోని చెట్టూచేమా ఎండాకాలంలో కార్బన్ పీల్చుకుని, చలికాలంలో వదులుతున్న తీరు అది. యంత్రం మీద పరీక్ష లేకపోతే ఆ సంగతి తప్పు రీడింగుగా చెత్తబుట్టలో పడేది.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. చలి దేశాల్లో, మొక్కలు ముడుచుకుని ఉన్న కాలంలో కూడా నేల కార్బన్ పీల్చుకుంటున్నట్లు తెరిచి ఉండే ఎనలైజర్లు చూపించాయి. కారణం వెతికితే, యంత్రం ఒంటి వేడికి దాని దారిలోని గాలి వెచ్చబడి పలుచబడుతోంది. గాలి పలుచబడితే అందులోని వాయువు కూడా తక్కువగా కనిపిస్తుంది. వేడికీ, తేమకూ గాలి పలుచబడే లెక్కను వెబ్, పియర్‌మన్, ల్యూనింగ్ 1980లోనే సూత్రీకరించారు. యంత్రం వేడికి దిద్దుబాటు ఆ తర్వాత వచ్చింది.

మన వరి పొలంలో చూడండి. నిలిచిన నీళ్లు తీసేసినప్పుడు బురదలో చిక్కుకున్న మీథేన్ ఒక్కసారిగా బయటికి వస్తుంది. టవర్ గీత ఎగురుతుంది. అది యంత్రం తప్పు కాదు. నీళ్లు ఏ రోజు తీశామో, ఎరువు ఏ రోజు వేశామో రైతు చెబితే తప్ప కొలిచేవాడికి అది అర్థం కాదు. రైతు పుస్తకం లేని టవర్ సగం గుడ్డిది.

ఖాళీని ఖాళీగా చూపాలి

మౌనా లోవాలో 1964లో నిధుల కోత వల్ల కొన్ని నెలలు కొలత ఆగింది. ఆ గీతలో ఆ ఖాళీ ఈనాటికీ కనిపిస్తుంది. 2022 నవంబరు చివర అగ్నిపర్వతం బద్దలై లావా రోడ్డునూ కరెంటు లైన్లనూ తెంచింది. పక్కనున్న మౌనా కియా శిఖరం మీద కొలత మొదలుపెట్టి, చోటు మారిందని చెప్పి మరీ అంకెలు ఇచ్చారు. అక్కడ 1974 నుంచి రెండు సంస్థలు వేర్వేరుగా కొలుస్తాయి, ఒకరి లెక్కతో ఒకరు పోల్చుకుంటారు. ప్రపంచం ఆ అంకెను నమ్మడానికి కారణం ఇదే. యంత్రం గొప్పది కావడం ఒక్కటే సరిపోలేదు.

టవర్ లెక్కల్లో వాన, మంచు, కరెంటు కోతల వల్ల చాలా అరగంటలు పోతాయి. ఆ ఖాళీలను లెక్కలు కట్టి నింపుతారు. నింపడం తప్పు కాదు. ఏది కొలిచింది, ఏది నింపింది అన్నది విడివిడిగా చూపకపోవడం తప్పు.

మన పొలానికి, మన కాటాకు

వరిలో తడి–పొడి పద్ధతి పాటిస్తే, నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెడితే, మీథేన్ తగ్గుతుందన్నది నిజం. సీజన్‌లో ఒకటికి మించి సార్లు నీరు తీస్తే, ఎప్పుడూ నీళ్లు నిలిపిన పొలంతో పోల్చి 0.55 వంతు వెలువడుతుందని ఐపీసీసీ 2019 మార్గదర్శకాలు లెక్క ఇచ్చాయి. అది ప్రపంచ సగటు. నీ పొలంలో ఎంత అన్నది కొలిస్తేనే తేలుతుంది. చైనాలోని 37 వరి ప్రాజెక్టులను కార్బన్ క్రెడిట్లు నమోదు చేసే వెరా సంస్థ 2024 ఆగస్టులో తిరస్కరించింది. కాగితం మీది లెక్క నిలవకపోతే ఏమవుతుందో చూపడానికి అది చాలు. ఆ భారం చివరికి రైతు మీద పడకుండా చూసుకోవాలి.

ఇదే ప్రశ్న మనకు రోజూ ఎదురయ్యే యంత్రాలకూ వర్తిస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ యంత్రం 17 శాతం దాటిందంటే వడ్లు పక్కన పెడతారు. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం వచ్చేదీ రానిదీ వాతావరణ కేంద్రం రీడింగు తేలుస్తుంది. వానకొలత గరాటాలో ఆకులు అడ్డుపడితే కుండపోత కూడా చినుకుగా నమోదవుతుంది. తేమ యంత్రమైనా, వానకొలతైనా, టవర్ మీది ఎనలైజరైనా పరీక్ష ఒకటే. సున్నా చూడు, తెలిసినదానితో పోల్చు, పక్కదానితో సరిచూడు, రాసి పెట్టు.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. రైతుకు డబ్బు ఇచ్చే, కోసే ప్రతి కొలత యంత్రం దగ్గరా చివరిసారి పరీక్షించిన తేదీ, సర్దుబాటుకు ముందు వచ్చిన రీడింగు తెలుగులో అతికించాలి.

2. కార్బన్ ఒప్పందాల్లో కొలత పద్ధతి, మూల రీడింగులు, నింపిన ఖాళీలు రైతుకు ఇవ్వాలి. ఇవ్వని ఒప్పందం మీద సంతకం పెట్టవద్దు.

3. అనుమానం వస్తే రైతు ప్రతినిధి సమక్షంలో రెండో యంత్రంతో కొలవాలి.

4. పరీక్ష గడువు దాటిన యంత్రం రీడింగుతో రైతుకు కోత పెట్టకూడదు.

5. యంత్రాలు కొనడానికే కాదు, వాటి నిర్వహణకు కూడా ఏటా నిధులు కేటాయించాలి. గ్రామీణ యువతకు ఆ పనిలో శిక్షణ ఇచ్చి, ఉపాధి చూపాలి.

మిత్రులారా, ఈ డిమాండ్లు నెరవేరేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టండి. నీళ్లు పెట్టిన రోజు, తీసిన రోజు, వాన పడిన రోజు, కొనుగోలు కేంద్రంలో తేమ యంత్రం ఒకే గింజలకు రెండుసార్లు చూపిన రెండు అంకెలు, అన్నీ తేదీతో రాయండి. మండల సమావేశానికి ఆ పుస్తకం తీసుకురండి. మాట్లాడేటప్పుడు మన చేతిలో కూడా అంకెలు ఉండాలి.